పక్క సీటు చరిత్ర

1931 వేసవిలో ఇటలీలో 'మూడు ప్రొవిన్సుల పందెం' జరిగింది. ఎంజో ఫెరారీ అప్పటికి తన పేరుతో కార్లు అమ్మే యజమాని కాదు. ఆల్ఫా రోమియో కార్లతో ఒక పందేల జట్టు నడుపుతూ, తను కూడా పోటీల్లో పాల్గొంటున్న 33 ఏళ్ల డ్రైవర్. ప్రాక్టీసులో తన జట్టులోనే ఉన్న తాజియో నువొలారిని అడిగి, ఆయన కారులో పక్కన కూర్చుని కొన్ని కిలోమీటర్లు వెళ్లాడు. మొదటి మలుపు దగ్గరే కారు కందకంలో పడటం ఖాయమనుకుని బిగుసుకుపోయాడు. చూస్తే కారు మలుపు దాటి తిన్నగా రోడ్డు మీదే ఉంది. నువొలారి ముఖంలో ప్రమాదం తప్పిన ఛాయలేవీ లేవు. రెండో మలుపూ అంతే, మూడోదీ అంతే. నాలుగో ఐదో మలుపు దగ్గర గానీ ఫెరారీకి సంగతి అర్థం కాలేదు. అందరూ మలుపు తిప్పడం మొదలుపెట్టే చోటుకి ముందే నువొలారి కారు మూతిని లోపలి అంచుకి తిప్పేస్తున్నాడు. యాక్సిలరేటర్ మీద కాలు తియ్యట్లేదు. నాలుగు చక్రాలూ కలిసి జారుతుంటే, ఆ జారుడే కారుని సరైన దిక్కుకి తిప్పుతోంది.

ఫెరారీ తర్వాత తన జ్ఞాపకాల్లో ఇదంతా రాసుకున్నాడు. నువొలారి ఎలా నడిపేవాడో ఈ రోజు మనకి ఇంత వివరంగా తెలుస్తోందంటే, దానికి కారణం నడిపినవాడు కాదు, పక్కన కూర్చున్నవాడు.

రేసింగ్ ఎలా నేర్పారు అనే చరిత్రని నేను ఈ పక్క సీటు నుంచే చదువుతాను. అప్పుడే ఒక ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. కొన్నేళ్లుగా సరదాకి సర్క్యూట్ల మీద పోటీ పడుతూ, లైసెన్సూ సొంత కారూ అనుభవమూ అన్నీ ఉండి, ఒక స్థాయి దగ్గర ఆగిపోయిన మనిషి తర్వాత ఏ శిక్షణ ఎంచుకోవాలి? ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ అరవై ఏళ్ల రేసింగ్ స్కూళ్ల చరిత్ర అంతా, కావాలని కాకపోయినా, దీన్ని పక్కన పెట్టేసింది.

ఒక మాట స్పష్టం చెయ్యాలి. ఇక్కడ రోడ్ రేసింగ్ అంటే అర్ధరాత్రి ఔటర్ రింగ్ రోడ్డు మీద వేసే పందేలు కాదు. గుండ్రటి ఓవల్ ట్రాకులకి భిన్నంగా, ఎడమ కుడి మలుపులతో రోడ్డులాగా ఉండే మూసిన సర్క్యూట్ మీద జరిగే పోటీ.

రోడ్డు నుంచి సర్క్యూట్‌కి

అయితే పాత రోజుల్లో నిజంగానే రోడ్ల మీదే పందేలు. ఇటలీలో మిల్లె మిలియా అంటే ఊళ్ల మధ్య నుంచి, కొండల మీద నుంచి దాదాపు 1,600 కిలోమీటర్ల పరుగు. 1955 మే 1న స్టర్లింగ్ మాస్ దాన్ని మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్‌లో 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో పూర్తి చేశాడు. సగటు వేగం గంటకు 157 కిలోమీటర్లు. ఆయన పక్కన డెనిస్ జెన్కిన్సన్ అనే గడ్డం జర్నలిస్టు ఉన్నాడు. ప్రాక్టీసులో చూసిన ప్రమాదకరమైన మలుపులన్నీ దాదాపు 18 అడుగుల కాగితం మీద రాసి, ఆ చుట్టని ఒక పెట్టెలో అమర్చుకుని, తిప్పుకుంటూ చదువుతూ ఉన్నాడు. ఇంజన్ హోరులో మాట వినపడదు కాబట్టి చేతి సైగలతో మాస్‌కి చెప్పాడు. మలుపు అవతల ఏముందో మాస్ చూడలేడు. జెన్కిన్సన్ సైగని నమ్మి, కాలు తియ్యకుండా వెళ్లిపోయాడు.

జెన్కిన్సన్ మామూలు ప్రయాణికుడు కాదు. 1949లో ఎరిక్ ఆలివర్‌తో కలిసి సైడ్‌కార్ మోటార్‌సైకిల్ రేసుల్లో ప్రపంచ చాంపియన్ అయిన జంటలో పక్కన ఉండేవాడు. అంటే పక్క సీటునే వృత్తిగా చేసుకున్నవాడు. 1958లో 'ది రేసింగ్ డ్రైవర్' అని పుస్తకం రాశాడు. ఒక డ్రైవర్ తన సామర్థ్యంలో ఎన్ని వంతులు వాడుతున్నాడో పదికి లెక్క కట్టే మాట, 'టెన్ టెన్త్స్', ఆయన వల్లే వాడుకలోకి వచ్చింది. గొప్ప డ్రైవర్ల పక్కన కూర్చుని చూసిన మనిషి కాబట్టే, ఈయన ఎనిమిది వంతుల మీద ఉన్నాడు, ఈయన పది దాటాడు అని చెప్పగలిగాడు.

1957లో అదే పందెంలో స్పెయిన్ డ్రైవర్ ఆల్ఫొన్సో దె పోర్తాగో కారు జనంలోకి దూసుకెళ్లింది. ఆయనా, సహచరుడూ, తొమ్మిది మంది ప్రేక్షకులూ చనిపోయారు. చూడ్డానికి వచ్చిన పిల్లలు కూడా అందులో ఉన్నారు. రోడ్డు పందెంగా మిల్లె మిలియా అక్కడితో ముగిసిపోయింది. ఆ చివరి పందెం గెలిచిన పియెరో తరుఫ్ఫికి అప్పుడు 50 ఏళ్లు. ఆయన చదువుకున్న ఇంజనీరు. గెలిచాక పోటీలు మానేసి, 'ది టెక్నిక్ ఆఫ్ మోటర్ రేసింగ్' పేరుతో ఇంగ్లీషులో వచ్చిన పుస్తకంలో మలుపు వ్యాసార్థం, వేగం, టైరు పట్టు మధ్య సంబంధాన్ని సూత్రాలతో, బొమ్మలతో వివరించాడు.

రేసింగ్ మూసిన సర్క్యూట్ల మీదకి మారడం ప్రాణాల కోసం జరిగిన మార్పే. కానీ ఇంకో ఫలితం కూడా వచ్చింది. మిల్లె మిలియాలో ఒక మలుపు రోజు మొత్తంలో ఒక్కసారే ఎదురవుతుంది. సర్క్యూట్‌లో అదే మలుపు సాయంత్రానికి వందసార్లు ఎదురవుతుంది. తప్పు చేసి, సరిచేసుకుని, మళ్లీ ప్రయత్నించే వీలు అప్పుడే వచ్చింది. అలా తిరిగి చెయ్యడం లేనిదే బడి ఉండదు.

బడి మొదలైంది, పక్క సీటు పోయింది

యుద్ధం అయిపోయాక ఇంగ్లండ్‌లో ఖాళీగా మిగిలిపోయిన విమానాశ్రయాలు చాలా సర్క్యూట్లుగా మారాయి. మన దగ్గర మద్రాసు నుంచి నెల్లూరు వైపు వచ్చే దారిలో ఉన్న షోళవరం కథ కూడా అదే. అలాంటి స్నెటర్టన్‌లో, గ్యారేజీ యజమాని, 500 సీసీ కార్ల చాంపియన్ అయిన జిమ్ రసెల్ 1957లో రేసింగ్ స్కూలు పెట్టాడు. అమెరికాలో 1961లో కారొల్ షెల్బీ రివర్‌సైడ్‌లో స్కూలు తెరిచాడు. 1968లో బాబ్ బాండురాంట్ వచ్చాడు. అంతకు ముందు ఏడాది వాట్కిన్స్ గ్లెన్ సర్క్యూట్‌లో ఆయన కారు స్టీరింగ్ విరిగి పల్టీలు కొట్టింది. కాళ్లు నుజ్జయ్యాయి, మళ్లీ నడవడం కష్టమన్నారు. ఆ మంచం మీదే పాఠ్యప్రణాళిక రాసుకున్నాడు. 1975లో స్కిప్ బార్బర్ స్కూలు మొదలైంది.

చాలా స్కూళ్లు పాఠం చెప్పింది ఒకే సీటు ఉన్న ఫార్ములా కార్లలో. ఫార్ములా ఫోర్డ్ అనే తరగతి 1967లో పుట్టడానికి ఒక కారణం కూడా బ్రాండ్స్ హ్యాచ్‌లోని స్కూలుకి చవకగా, మన్నికగా ఉండే ఇంజన్ కావాల్సి రావడమే. కారు చవక అయింది గానీ పక్క సీటు మాయమైంది. గురువు మలుపు దగ్గర గట్టు మీద నిలబడి చూడాలి, లేదా ముందు ఇంకో కారులో వెళ్తూ దారి చూపాలి. ఇంజన్ ఇన్ని చుట్లు దాటకూడదు అని పరిమితి పెట్టి, బాగా చేసినవాళ్లకి కొంచెం కొంచెంగా పెంచాలి. కొత్తవాళ్లకి ఇది చక్కగా సరిపోతుంది. వాళ్ల తప్పులు గట్టు మీద నుంచి కూడా కనిపించేంత పెద్దవి. అనుభవం ఉన్నవాడి తప్పు మాత్రం గట్టు మీద నుంచి కనిపించదు.

ఈ స్కూళ్ల ప్రకటనల్లో ఎప్పుడూ గెలిచిన విద్యార్థుల పేర్లే. జిమ్ రసెల్ స్కూలు అంటే ఎమెర్సన్ ఫిట్టిపాల్డి. ఫ్రాన్స్‌లో విన్‌ఫీల్డ్ స్కూలు అంటే 1975లో అక్కడి బహుమతి పోటీ గెలిచిన అలెన్ ప్రాస్ట్. మన నారాయణ్ కార్తికేయన్ కూడా కోయంబత్తూరు నుంచి 1992లో విన్‌ఫీల్డ్‌కే వెళ్లాడు. అవి నిజంగా మంచి స్కూళ్లే, అనుమానం లేదు. కానీ విన్‌ఫీల్డ్ పోటీ ప్రధానంగా ఒక జల్లెడ. చాలామందిని రప్పించి, అందులో ఒకరిని పట్టుకుని ఏడాది పాటు పోటీ చేయించేది. మన ఊళ్లో ఇంటర్ కాలేజీల హోర్డింగుల మీద ర్యాంకర్ల ఫోటోలు చూస్తూ పెరిగిన మనకి ఈ తేడా ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ర్యాంకర్ ఫోటో ఆ కాలేజీ ఎవర్ని ఎంచుకుందో చెబుతుంది. సగటు పిల్లాడికి ఏం నేర్పిందో చెప్పదు. 38 ఏళ్ల వయసులో, వారాంతాల్లో రేసు చేస్తూ, ఐదో స్థానం దగ్గర ఆగిపోయిన మనిషి జల్లెడ కోసం వెతకట్లేదు.

ఒకే జీతం, రెండు ఖర్చులు

ఆగిపోవడం అంటే ఏమిటో లెక్కలో చూద్దాం. టైరుకి రోడ్డు మీద ఉండే పట్టు నెల జీతం లాంటిది. బ్రేకుకి కొంత, మలుపుకి కొంత. కాకపోతే ఇక్కడ లెక్క మామూలు తీసివేత కాదు, వృత్తం. పట్టులో 80 శాతం బ్రేకుకి ఖర్చు చేస్తే మలుపుకి మిగిలేది 20 కాదు, 60 శాతం. 0.8 వర్గం, 0.6 వర్గం కలిపితే ఒకటి కదా. అంటే రెండూ కలిపి చేసేవాడికి, ఒకటి ముగించాక రెండోది మొదలుపెట్టేవాడి కంటే ఎక్కువ దక్కుతుంది. మొదటి స్కూల్లో భద్రత కోసం 'బ్రేకు తిన్నగా ఉన్నప్పుడే, ఆ తర్వాతే స్టీరింగ్' అని నేర్పుతారు. అది తప్పు పాఠం కాదు, మొదటి పాఠం. చాలామంది అమెచ్యూర్లు పదేళ్ల తర్వాత కూడా ఆ మొదటి పాఠం దగ్గరే ఉంటారు. బ్రేకు వదిలిన క్షణానికీ, మలుపు అందుకున్న క్షణానికీ మధ్య టైరు ఖాళీగా ఉండిపోతుంది.

ఆ ఖాళీ ఖరీదు ఎంత? మలుపులోంచి బయటికి వచ్చే వేగం కాస్త తగ్గి, తర్వాతి 600 మీటర్ల తిన్నటి దారిలో సగటు 141 బదులు 140 అయిందనుకుందాం. తేడా సెకనులో పదో వంతు చిల్లర. 20 ల్యాపుల రేసులో అది రెండు సెకన్లు దాటుతుంది. ఆ వేగంలో రెండు సెకన్లంటే ఎనభై మీటర్ల దూరం. గంటకు ఒక్క కిలోమీటరు తేడా నడిపేవాడి ఒంటికి తెలియదు. ఫలితాల పట్టికలో మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఈ లెక్కని రేసింగ్‌లో బాగా ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో మార్క్ డొనాహ్యూ ఒకడు. బ్రౌన్ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు. 1961లో అమెచ్యూర్ పోటీల్లో జాతీయ టైటిల్‌తో మొదలై 1972లో ఇండియానాపోలిస్ 500 గెలిచేదాకా వెళ్లాడు. తన అంచనాని నమ్మేవాడు కాదు. గుండ్రటి స్కిడ్‌ప్యాడ్ మీద కారుని తిప్పి, పట్టు కొలిచి, ఆ తర్వాతే మాట్లాడేవాడు. ఆయన 'ది అన్‌ఫెయిర్ అడ్వాంటేజ్' కార్ల వరుసలో నడిచే ఆత్మకథ. ప్రతి అధ్యాయంలోనూ తను అనుకున్నది ఒకటి, కొలిస్తే తేలింది ఇంకొకటి. రేసింగ్ మీద ఆసక్తి లేనివాళ్లకి కూడా ఇవ్వదగ్గ పుస్తకం. అది వచ్చిన 1975లోనే ఆస్ట్రియాలో ప్రాక్టీసులో జరిగిన ప్రమాదం వల్ల ఆయన చనిపోయాడు. టైరు చెడిపోయిందంటారు. ఎంత నేర్చుకున్నా ఈ ఆటలో పూర్తి భద్రత దొరకదు. శిక్షణ అమ్మేవాళ్లలో ఎవరైనా దొరుకుతుందని చెబితే, అక్కడ డబ్బు కట్టకపోవడం మంచిది.

తరుఫ్ఫి, డొనాహ్యూ, బాండురాంట్‌ల పేర్లు పక్కపక్కన పెట్టి చూడండి. పాఠం రాసింది ఎక్కువగా, తను చేస్తున్నదాన్ని విప్పి చూసుకోవాల్సి వచ్చినవాళ్లు. కొందరు ఇంజనీర్లు, ఒకరు మంచాన పడినవాడు. నువొలారి మనకి పాఠ్యపుస్తకం ఇవ్వలేదు. ఇవ్వాల్సిన పని ఆయనకి పడలేదు.

చేతికి తెలిసింది, మనసుకి తెలియనిది

1967లో పాల్ ఫిట్స్, మైకేల్ పోస్నర్ అనే మనస్తత్వవేత్తలు నైపుణ్యం నేర్చుకోవడంలో మూడు దశలు చెప్పారు. మొదట ఆలోచించి చేస్తాం. తర్వాత తప్పులు తగ్గుతాయి. చివరికి ఆలోచన అక్కర్లేకుండా చేతులే చేస్తాయి. మూడో దశ వరమే. కానీ అక్కడికి చేరాక మనం ఏం చేస్తున్నామో మనకే తెలియడం మానేస్తుంది. 'బ్రేకు మెల్లగా వదులుతున్నాను' అని మనస్ఫూర్తిగా నమ్మే మనిషి కాలు ఒక్క దెబ్బకి పైకి లేస్తూ ఉంటుంది. ఆయన అబద్ధం చెప్పట్లేదు. ఎవరి వీపు వారికి కనపడదు, అంతే.

కోడ్ రాసే ఉద్యోగంలో దీనికి రోజువారీ పోలిక ఉంది. ప్రోగ్రామ్ నెమ్మదిగా ఉంటే, ఎక్కడ ఆలస్యం అవుతోందో అనుభవం ఉన్న ఇంజనీరు వెంటనే ఊహించి చెప్పేస్తాడు. ప్రొఫైలర్ పెట్టి కొలిస్తే చాలాసార్లు ఆ చోటు వేరే ఎక్కడో తేలుతుంది. కచేరీలు చేసే విద్వాంసులు కూడా ఇంకొకరి చెవి ముందు పాడి సరిచూసుకుంటారు. 2011లో అతుల్ గవాండే ఆపరేషన్ థియేటర్‌లో తనని గమనించడానికి ఒక రిటైరైన సర్జన్‌ని పిలిపించుకున్న అనుభవం గురించి వ్యాసం రాసింది కూడా ఈ కారణానికే.

రేసింగ్‌లో పక్క సీటు మళ్లీ వచ్చింది, యంత్రం రూపంలో. పెద్ద జట్లకే పరిమితమైన డేటా లాగర్లు క్రమంగా చవకై, జీపీఎస్‌తో కలిసి అమెచ్యూర్ కార్లలోకి వచ్చాయి. కారు ఎక్కడుందో, ఎంత వేగంలో ఉందో సెకనుకి పదిసార్లు రాసిపెడతాయి. 2020లో గార్మిన్ తెచ్చిన కాటలిస్ట్ లాంటివి డ్రైవర్ సొంత ల్యాపుల్లోని మంచి ముక్కల్ని కలిపి, నువ్వే ఇంత వేగంగా వెళ్లగలవు అని చెవిలో చెబుతాయి. కానీ యంత్రం 'ఇక్కడ రెండు పదో వంతులు పోయాయి' అంటుందే తప్ప, భయం వల్లా, చూపు దగ్గరగా పెట్టడం వల్లా, సీటు సరిగ్గా పట్టకపోవడం వల్లా అన్నది చెప్పదు. ఆ ఎందుకు అన్నది చెప్పడానికి మనిషి కావాలి.

మరి ఏది ఎంచుకోవాలి?

ముందుగా పాల్ న్యూమన్‌ని చూద్దాం. 'విన్నింగ్' సినిమా కోసం బాండురాంట్ స్కూల్లో నేర్చుకున్నాడు. పోటీలు మొదలుపెట్టింది 1972లో, 47 ఏళ్లకి. జాతీయ అమెచ్యూర్ టైటిళ్లు నాలుగు గెలిచాడు. 54 ఏళ్లకి లె మాన్స్ 24 గంటల పోటీలో ఆయన జట్టు రెండో స్థానంలో వచ్చింది. 70 ఏళ్లకి డేటోనాలో తన తరగతి గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆయనకి డబ్బుంది, మంచి జట్లున్నాయి, నిజమే. అయినా డబ్బున్న నటులందరూ లె మాన్స్‌లో రెండో స్థానానికి రాలేదు. స్కూలు అయిపోయాక కూడా ఏళ్ల తరబడి తన కంటే మెరుగైనవాళ్లతో కలిసి నడిపాడు.

ఈ చరిత్ర చదివాక, అనుభవం ఉన్న అమెచ్యూర్ స్కూలు గొప్పదా కాదా అని కాకుండా ఈ ప్రశ్నలు అడగాలని నాకనిపిస్తుంది. నేర్పడం మొదలుపెట్టే ముందు నన్ను చూస్తారా? వచ్చినవాళ్లందరికీ అదే మూడు రోజుల పాఠమైతే, అది నా కోసం తయారైంది కాదు. నా కారులోనా, స్కూలు కారులోనా? టైరు పట్టు మీద సాధారణ అవగాహన, జారే కారుని నిలబెట్టడం లాంటివైతే స్కూలు కారులో, స్కిడ్‌ప్యాడ్ మీద నేర్చుకోవడమే మంచిది. కారు పాడైనా బాధ లేదు. ఫలానా మలుపుల్లో పోతున్న సమయం కోసమైతే సొంత కారు, సొంత డేటా, టెస్ట్ రోజున ఒక్కడే కోచ్ కావాలి. రేసు వారాంతంలో కోచ్‌ని పెట్టుకోవడం చాలామంది చేసే పని. కానీ గెలవాలన్న తొందరలో కొత్త అలవాటు నిలబడదు.

కోచ్ ఎన్ని కప్పులు గెలిచాడన్నది రెండో ప్రశ్న. తన పద్ధతిని మాటల్లో పెట్టగలడా అన్నది మొదటిది. అడిగి చూడటం తేలికే. ఒక మలుపు గురించి అడిగితే 'ఇంకా లోతుగా బ్రేకు కొట్టు, ధైర్యం చెయ్యి' అనేవాడు ఒకడు. 'బ్రేకు అక్కడే మొదలుపెట్టు, వదలడం మాత్రం రెట్టింపు సమయం తీసుకో, అప్పుడు ముందు చక్రాల మీద బరువు నిలబడుతుంది' అనేవాడు ఇంకొకడు. మొదటివాడు వేగంగా నడపగలడేమో. రెండోవాడు నేర్పగలడు.

ఇక ఇంటికి పంపేటప్పుడు ఏమిస్తారు? ఒక సర్టిఫికెట్టా, లేక వచ్చే మూడు ట్రాక్ రోజుల్లో చెయ్యాల్సిన అభ్యాసమా? 1993లో ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్ వయొలిన్ విద్యార్థులని గమనించి చెప్పింది కూడా ఇలాంటిదే. ఎన్ని గంటలన్నది ఒక్కటే కాదు, ఒక నిర్దిష్టమైన లోపం మీద, ఫలితం వెంటనే తెలిసేలా చేసిన అభ్యాసం ముఖ్యం. ఊరికే ఇంకో ఇరవై ల్యాపులు తిరగడం అంటే పాత అలవాటుని ఇంకా గట్టిపరచడమే.

మన దగ్గర ఇదంతా ఇంకా కష్టం. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953 నుంచి ఉంది. శ్రీపెరుంబుదూరు దగ్గర 3.7 కిలోమీటర్ల ట్రాకు 1990లో వచ్చింది. కోయంబత్తూరులో కరి, ఢిల్లీ పక్కన బుద్ధ్ ఉన్నాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు తిరిగాయి. మరుసటి ఏడాది జరగాల్సిన రేసు రద్దయింది. నగరం మధ్య రేసు గొప్ప దృశ్యమే. కానీ అది మళ్లీ మిల్లె మిలియా లాంటిదే. శనివారం అయిపోతే సోమవారానికి ట్రాఫిక్. ఆ మలుపుల్ని ఎవరూ వందసార్లు తిరగలేరు.

ఇక్కడి అమెచ్యూర్‌కి దొరికే ట్రాక్ రోజులు ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. టైర్లు, ప్రయాణం, ఎంట్రీ ఫీజు పోగా శిక్షణకి మిగిలేది కొంచెమే. ఆ కొంచెంతో ఇంకాస్త శక్తి ఉన్న ఇంజనో, కొత్త సస్పెన్షనో కొనాలనిపించడం సహజం. ఫలితం వెంటనే కనిపిస్తుంది కదా. ఆ డబ్బుతోనే ఒక పాత లాగర్ కొని, ఒక రోజు పాటు తన కంటే బాగా నడిపేవాణ్ణి అదే కారులో రెండు ల్యాపులు తిప్పమని, రెండు గీతల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడటం ఇంకో దారి. కారు అదే, ట్రాకు అదే, టైర్లు అవే. రెండు గీతలూ విడిపోయిన ప్రతి చోటా ఉన్నది డ్రైవర్ ఒక్కడే. అది చూసి తట్టుకోవడం కష్టం. చూడకుండా ఏళ్ల తరబడి అదే ఐదో స్థానంలో తిరగడం ఖరీదు ఎక్కువ.